అమ్మ నా కింద పని చేసిన రోజు

ఆడదానివి, తాపీ ఎలా పట్టావని నన్ను ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. చేత్తోనే పట్టానని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు, నొచ్చుకునేవాళ్లు నొచ్చుకుంటారు. అన్నేళ్లూ ఆ తాపీ దగ్గరికి మాలు ఎవరు మోశారని మాత్రం ఒక్కరూ అడగరు. అది అడిగితే మా అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. నాకైతే అక్కడ మొదలుపెట్టడమే ఇష్టం.

జంషెడ్‌పూర్‌లో ఇల్లు కట్టేచోట మూడు రకాల మనుషులుండేవారు. మేస్త్రి గోడ కడతాడు. కూలీ పునాది తవ్వుతాడు, ఇసకా సిమెంటూ తడిపి మాలు కలుపుతాడు. రేజా మోస్తుంది. రేజా అంటే ఆడకూలీ. కూలీగా చేరిన మగవాడు నాలుగేళ్లు మేస్త్రి పక్కన తిరిగితే ఏదో ఒకనాడు తాపీ చేతికొచ్చేది. రేజాగా చేరినది మాత్రం రేజాగానే ముసలిదయ్యేది. ఇది ఎవరో రాసిపెట్టిన రూలు కాదు. రాసి ఉంటే కొట్టేయమని అడగడానికైనా వీలుండేది.

మా అమ్మ రేజా. పెళ్లయిన ఏడాదికే శ్రీకాకుళం వైపు నుంచి నాన్న వెనకాల రైలెక్కి వచ్చి, సీతారాండేరాలో ఒంటిగది ఇంట్లో దిగి, నెల తిరక్కుండా తట్ట నెత్తికెత్తుకుంది. నాన్న గోల్‌మురి వైపు కాంట్రాక్టు పనికి సైకిలు మీద వెళ్లి వచ్చేవాడు. నెమ్మదైన మనిషి. ఇంట్లో ఏది అడిగినా "మీ యమ్మని అడుగు" అనేవాడు. ఆయన జీవితంలో తీసుకున్న పెద్ద నిర్ణయాలన్నీ ఆ ఒక్క మాటతోనే తీసుకున్నాడు.

నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను. ఆ వేసవిలో అమ్మకి మోకాలు వాచింది. నెల రోజులు తట్ట ఎత్తలేకపోతే ఆమె బదులు నేను వెళ్లాను. నెల తరవాత అమ్మ పనిలోకి తిరిగి వచ్చింది గానీ నేను బడికి తిరిగి వెళ్లలేదు. మానమని ఎవరూ చెప్పలేదు, వెళ్లమనీ ఎవరూ చెప్పలేదు. అలా తల్లీకూతుళ్లం ఇద్దరం ఒకే పరంజా కింద రేజాలమయ్యాం. డెబ్బైల మధ్య అది, సోనారి వైపు వరసగా ఇళ్లు లేస్తున్న రోజులు.

రేజాకి పనేం తెలుసు, మోయడమేగా అంటారు. ఆరేళ్లు మోసినదాన్ని, చెబుతున్నాను వినండి. ఇటుక చేతిలోకి తీసుకోగానే సరిగా కాలిందో లేదో బరువులోనే తెలుస్తుంది. అనుమానమొస్తే రెండింటిని ఒకదానికొకటి తట్టి చూస్తే ఖంగుమనాలి. బొత్తిగా మోగకపోతే అది గోడకి పనికిరాదు. ఖర్కాయి నది ఇసకలో మట్టి ఎంత కలిసిందో పిడికిట్లో నలిపితే తెలుస్తుంది. మాలులో నీళ్లెక్కువయ్యాయా తక్కువయ్యాయా అన్నది నెత్తి మీద తట్ట ఊగే తీరులో తెలుస్తుంది. అమ్మ పచ్చి ఇటుకల్ని ఏరి పక్కన పడేసి, మంచివే పైకి అందించేది. ఆ సంగతి మేస్త్రికి ఎప్పుడూ చెప్పలేదు. అతని గోడలు బీటివ్వవని చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరులో సగం అమ్మ ఏరిన ఇటుకలది.

ఆ మేస్త్రి అమ్మ ఊరివాడే, వరసకి అన్న. అందుకని నాకు మావయ్య. మా ఇంటికొచ్చినప్పుడు అమ్మని "సెల్లీ" అని ఆప్యాయంగా పిలిచేవాడు, నాకు పకోడీల పొట్లం తెచ్చేవాడు. పరంజా ఎక్కాక మాత్రం చెల్లీ లేదు, మేనకోడలూ లేదు. రోజంతా ఒకటే కేక. "ఏ రేజా, మసాలా!" మాలుని అక్కడ మసాలా అంటారు. ఆ కేక ఎవరి నోట్లోంచి వచ్చినా సరే, మాకు చెవుల కన్నా ముందు కాళ్లు వినేవి. అన్నం ముద్ద నోట్లో ఉన్నా లేచేవాళ్లం. జవాబు చెప్పే అలవాటు రేజాకి లేదు. వెళ్లడమే జవాబు.

నేను కింద నుంచి చూస్తూ పని నేర్చుకున్నాను. మేస్త్రి మణికట్టు ఎలా తిరుగుతుందో, మాలు పరిచాక తాపీ మొనతో మధ్యలో గాడి ఎలా తీస్తాడో, ఇటుకని ఎంత నొక్కి ఎక్కడ ఆపుతాడో, ఆరేళ్లు చూశాను. ఒకరోజు మావయ్య టీకి కిందకి దిగినప్పుడు పరంజా ఎక్కి, సగంలో ఆగిన వరసలో ఐదు ఇటుకలు పెట్టాను. అమ్మ చూసింది, వీధి వైపు కాపలా కాసినట్టు తిరిగి నిలబడింది. మావయ్య వచ్చి ఆ ఐదింటినీ కాసేపు చూశాడు. దారం లాగి చూశాడు, రసమట్టం పెట్టి చూశాడు. వంక దొరకలేదు. దొరక్కపోయినా ఐదింటినీ ఊడదీసి, అంటుకున్న మాలు గీకి, అవే ఐదు ఇటుకల్ని అక్కడే మళ్లీ పెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పిడకల మీద కోపం చూపించాను, అమ్మ పొయ్యి ముట్టించడానికి ముక్కలు ఏరుకోవలసి వచ్చింది.

ఆ ఏడే విశ్వకర్మ పూజ నాడు ఇంకోటి జరిగింది. జంషెడ్‌పూర్‌లో ఆ పూజ అంటే మాటలు కాదు, ఊళ్లో ఉన్న ప్రతి యంత్రానికీ పువ్వులు పెడతారు. మా పనిచోట కూడా తాపీలు, తూకం చూసే గుండ్లు, రసమట్టాలు, సుత్తులు కడిగి పసుపు రాసి, గుడ్డ మీద వరసగా పేర్చారు. నేను నా ఇనప తట్టని చింతపండేసి తోమి, బొట్టు పెట్టి, ఆ వరస చివర పెట్టాను. మావయ్య దాన్ని తీసి ఇటుకల కుప్ప దగ్గర పెట్టాడు. "అయి పనిముట్లు. ఇది తట్ట" అన్నాడు. కోపంగా కాదు, పిల్లకి తెలియక చేసిందని సర్దిచెప్పే గొంతుతో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం పందిళ్లు చూడ్డానికి గోల్‌మురి వైపు వెళ్లాం. నాతోపాటు మా పనిచోటే మోసే ఒక హో తెగ పిల్ల ఉండేది. చైబాసా వైపు ఆదివాసీ పల్లె నుంచి వాళ్ల పిన్నితో వచ్చింది. ఆమెకి నా తెలుగు రాదు, నాకు ఆమె హో రాదు, ఇద్దరికీ వచ్చిన వంకర హిందీలో కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం. బజారు దాటాక ఒక పాత రేకుల షెడ్డు గోడకి కాగితం అంటించి ఉంది. చదువు రాని ఆమే నా చెయ్యి లాగి, ఆ బొమ్మ చూడమంది. కాగితం మీద తాపీ బొమ్మ ఉంది. నేను ఆ హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివాను. తాపీపనిలో రెండేళ్ల శిక్షణ. నెలనెలా భత్యం. చివర్లో సర్టిఫికెట్టు. ఇన్నాళ్లూ అబ్బాయిల్నే తీసుకునేవారట. ఈసారి ఆడవాళ్లు, ఆదివాసీలు కూడా పరీక్షకి రావచ్చని ఆఖరి వాక్యంలో రాసి ఉంది. ఆ ఆఖరి వాక్యాన్ని ఆమె కోసం నాలుగుసార్లు, నా కోసం ఇంకో రెండుసార్లు చదివాను.

మర్నాడే ఇద్దరం అర్జీ ఇచ్చాం. మూడోనాటికి మావయ్యకి తెలిసిపోయింది. పని చివర్లో చేతులు కడుక్కుంటూ అమ్మతో అన్నాడు.

"సెల్లీ, నీ కూతురు మేస్త్రీలతోటి పోటీకెల్తందంట."

"ఎల్తంది" అంది అమ్మ.

"ఎల్లనీ. కానీ ఒక్క మాట. అక్కడ తప్పిపోయి మల్లీ తట్టట్టుకుని నా కాడికి రావద్దు. నలుగురూ నవ్వుతారు. నువ్వు కూడా దాని ఎనకాల నిలబడతానంటే నువ్వూ రానక్కర్నేదు."

అమ్మ తట్ట బోర్లించి పెట్టి నా వైపు చూసింది. ఇద్దరికీ పని అతని దగ్గరే. పరీక్ష తప్పితే నా పనీ పోతుంది, అమ్మ పనీ పోతుంది. నేను మానేస్తానని అనబోయాను. "నడువు, చీకటడిపోతంది" అంది అమ్మ. ఆ మాటకి ఇంక తిరుగు లేదని నాకు తెలుసు.

పరీక్షకి ఒక నియమం పెట్టారు. పిలిచిన వాళ్లంతా ఒక్కో గోడ మూల కట్టాలి. రెండు పక్కలా మూడేసి అడుగులు, ఎత్తు ఎనిమిది వరసలు. మోసి అందించడానికి ఒక మనిషిని ఎవరికివాళ్లే తెచ్చుకోవాలి. అబ్బాయిలకి చిక్కేముంది, ఇంట్లో అమ్మో వదినో చెల్లెలో ఉంటారు. నాకెవరు మోస్తారు? వీధిలో ఇద్దరు కుర్రకూలీల్ని అడిగాను. ఒకడు నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు. రెండోవాడికి అర్థమై, అవమానమైనట్టు మొహం పెట్టాడు. ఆడదాని గోడకి మగాడు మాలు మోయడమా? చివరికి నాన్నని అడిగాను. సైకిలు చైనుకి నూనె వేస్తున్నవాడు తలెత్తకుండానే "మీ యమ్మని అడుగు" అన్నాడు. ఆ మాట అంత సరిగ్గా అతికింది నా జన్మలో ఆ ఒక్కసారే.

నాకు మోయడానికి అమ్మ పరీక్ష రోజు పనికి నాగా పెట్టింది. అంటే మావయ్యకి జవాబు చెప్పేసినట్టే.

కాగితం అంటించిన ఆ షెడ్డులోనే పరీక్ష, ఇరవై మందిదాకా ఉన్నాం. కట్టేవాళ్లలో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ హో పిల్లా. మోసేవాళ్లలో మగవాడు ఒక్కడూ లేడు. పరీక్ష పెట్టేది ఒక ముసలి బెంగాలీ మాస్టారు. పంచె కట్టు, జేబులో మడతబద్ద, చెయ్యి వెనక్కి కట్టుకుని నడిచే నడక. మొదలుపెట్టే ముందు హిందీలో ఒక మాట చెప్పాడు. పని చేస్తున్నంతసేపూ మేస్త్రి గోడ దగ్గర్నుంచి కదలకూడదు. వదిలి వెళితే మాలు గట్టిపడుతుంది, వరస తప్పుతుంది. కావలసింది అడిగి తెప్పించుకోవాలి. లేచి వెళితే రెండుసార్లు ఊరుకుంటాను, మూడోసారి లేస్తే ఇంక ఇంటికి వెళ్లొచ్చు. ఇదీ ఆయన నియమం. మంచి నియమమే. నాకది విన్నప్పుడు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

నా పక్క చోటు గోల్‌మురి కుర్రాడిది. అతనికి వదిన మోస్తోంది. నేను మూల ఇటుక పెట్టి, గుండు వేలాడదీసి చూసుకుని, మొదటి వరస సగంలో ఉన్నాను. ఇంతలో పక్కవాడు గొంతెత్తి కేకేశాడు.

"ఏ రేజా, మసాలా!"

నేను లేచాను. తాపీ కింద పెట్టేశాను, తట్ట అందుకున్నాను, నాలుగడుగులు వేసి అతని ముందు మాలు దింపాను. దింపాక గానీ నేనెక్కడున్నానో నాకు తెలియలేదు. అతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అతని వదిన తన తట్టతో నా వెనకాల నిలబడి ఉంది. ఆమె పక్కన ఇంకో తట్టతో మా అమ్మ. అమ్మ కూడా లేచి వచ్చేసింది. ఒక్క కేకకి ముగ్గురు రేజాలం.

షెడ్డంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. నా వైపు చూసి ఒక వేలు ఎత్తాడు.

తిరిగొచ్చి కూర్చున్నాను. మొహం భగభగలాడుతోంది. నా మాలు అతనికి ఇచ్చేశాను కాబట్టి నాకు లేదు. అమ్మ అటు తిరిగి ఇటుకలు తడుపుతోంది. పిలవాలి. నోరు తెరిచాను. ఏమని పిలవాలి? అమ్మా అంటే చుట్టూ ఇంకా ఆరని నవ్వులున్నాయి. మేస్త్రీలు పిలిచినట్టు పిలవడానికి నాలుక తిరగలేదు. ఆ కేక నా చిన్నప్పట్నుంచీ నేను అసహ్యించుకున్న కేక. దాన్ని నా నోటితో, మా అమ్మ మీదకి! ఆలోచిస్తూ ఆలోచిస్తూ నేనే లేచి కుప్ప దగ్గరికి వెళ్లి తట్ట నింపుకుని వచ్చాను. కూర్చుని తలెత్తితే మాస్టారి రెండు వేళ్లు.

ఆ తట్టతో మూడో వరస పూర్తయింది, నాలుగో దాంట్లో రెండు ఇటుకలు పడ్డాయి. మాలు మళ్లీ అయిపోయింది. ఈసారి లేస్తే ఇంటికే. లేవకపోతే గోడ లేదు. అవతలి పక్క హో పిల్ల ఆరో వరసలో ఉంది. వాళ్ల పల్లెలో ఇంటి గోడలు మెత్తేదీ నునుపు చేసేదీ ఆడవాళ్లే. చిన్నప్పుడు ఆమెతో కలిసి గోడలు మెత్తిన పిన్నే ఇక్కడా ఆమెకి మోస్తోంది. ఇప్పుడు ఇద్దరూ ఏదో గొణుక్కుంటూ, ఒకళ్లు అడక్కుండానే ఇంకొకళ్లు అందిస్తూ, ఇంటి పని చేసుకుంటున్నట్టు చేసుకుపోతున్నారు. నేను ఖాళీ తట్ట ముందు తాపీ పట్టుకుని మొద్దులా కూర్చున్నాను. అంతకుముందు పెట్టిన మాలు గోడ మీదే బిగిసిపోతోంది.

అమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది. చీర కొంగు నడుముకి దోపి ఉంది, చేతుల నిండా సిమెంటు.

"ఏటే, నోరు పడిపోనాదేటి? పిలువు" అంది.

"ఏటని పిలవనే?"

"మేస్త్రి ఏటని పిలుత్తాడో అలగే."

"నిన్నలగ పిలవలేనమ్మా."

"ఇక్కడ అమ్మా గిమ్మా ఎవులూ నేరు. ఇరవయ్యేల్లబట్టి ఎవుడు పిలిత్తే ఆడి కాడికి ఎల్లినాను. కూతురు పిలిత్తే ఎల్లడానికి నాకేటి నామోషీ? నామోషీ నీకే ఉన్నట్టుంది, నీ యమ్మ రేజా అని."

అనేసి, వెనక్కి తిరిగి మాలు కుప్ప దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ నాకు వీపు చూపించి నిలబడింది.

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఎందుకంటే అది నిజం. మావయ్య కేక నాకు నచ్చకపోవడం ఒక సంగతి. కానీ ఆ మాటే నీచమైనదని నాలో ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను. మాట నీచమైతే ఆ పనీ నీచమే, ఆ పని చేసి నన్ను పెంచిన మనిషీ నీచమే. తట్టకి బొట్టు పెట్టి తాపీల పక్కన పెట్టింది నేనే, లోపల్లోపల దానికి సిగ్గుపడుతున్నదీ నేనే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీగా లేవు.

ఊపిరి పీల్చుకుని, షెడ్డు రేకులు అదిరేలా అరిచాను.

"ఏ రేజా! మసాలా!"

గొంతు మధ్యలో చీలిపోయింది. ఇరవై మంది తాపీలు ఆపి చూశారు. అమ్మ అప్పటికే తట్ట నింపి ఉంచుకుంది. గిర్రున తిరిగి, నా గొంతుకి రెండింతల గొంతుతో జవాబు చెప్పింది.

"వత్తన్నాను మేస్త్రీ!"

అమ్మ ఏ మేస్త్రి కేకకైనా నోటితో జవాబు చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. మోకాలి నొప్పి ఉన్న మనిషి, ఆ నిండు తట్టతో దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. నా ముందు దింపి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఇంకేం కావాలన్నట్టు నిలబడింది. నన్ను చూసి నవ్వలేదు. పనిలో ఉన్న మేస్త్రిని చూసి రేజా ఎందుకు నవ్వుతుంది?

ఆ తరవాత మా ఇద్దరినీ ఆపేవాళ్లు లేరు. నేను "ఇటుక!" అంటే ఇటుక వచ్చింది. "నీళ్లు!" అంటే నీళ్లు వచ్చాయి. మూలకి పెట్టాల్సిన ఇటుకల్ని అంచులు విరగనివి చూసి విడిగా పేర్చి పెట్టింది. సగం ఇటుకలు కావాలని నేను తలెత్తేసరికి కొట్టి ఉంచింది. కేకకీ కేకకీ నా గొంతు సర్దుకుంది. చివరి రెండు వరసల్లో నేను పిలుస్తున్నది మా అమ్మనని కూడా మరిచిపోయాను. ఒక మంచి రేజాతో పని చేస్తున్నాను, అంతే తెలుసు. మావయ్య గోడలు బీటివ్వకపోవడం ఎందుకో ఆ రోజు మేస్త్రి వైపు నుంచి చూశాను.

మాస్టారు ఒక్కో మూల దగ్గరా ఆగి చూసుకుంటూ వచ్చాడు. నా దగ్గర గుండు వేలాడదీశాడు, రెండు పక్కలా. దారానికీ గోడకీ మధ్య ఎక్కడా వెలుతురు ఎక్కువ తక్కువ లేదు. మడతబద్ద పెట్టి సందులు కొలిచాడు. నాలుగో వరస దగ్గర ఆగాడు. అక్కడ ఒక సందు మిగతావాటికన్నా లావుగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు హిందీలో. "అన్నీ బాగున్నాయి, ఇదొక్కటి ఎందుకిలా వచ్చింది?"

"అక్కడ మాలు బిగిసిపోయింది సార్. మా అమ్మని పిలవడం రాక ఆగిపోయాను."

ఆయన నన్నూ చూశాడు, అమ్మనీ చూశాడు. పుస్తకంలో ఏదో రాసుకుని ముందుకి వెళ్లాడు. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. పోయిందనే అనుకున్నాను. అమ్మ మాత్రం ఏమీ పట్టనట్టు తట్టలు కడిగింది.

సాయంత్రం పాసైన పన్నెండు మంది పేర్లు మార్కుల వరసలో పిలిచారు. మొదటి పేరే హో పిల్లది. వాళ్ల పిన్ని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. నాది తొమ్మిదోది. మేస్త్రుల కొడుకులు ముగ్గురు నా వెనక ఉన్నారు. ఈ సంగతి ఇన్నేళ్ల తరవాత కూడా చెప్పుకోవడం చిన్నతనమే, అయినా చెబుతున్నాను.

ఇక్కడ ఇంకోటి కూడా చెప్పాలి. ఎనభైల మధ్యకల్లా నేను అదే షెడ్డులో నేర్పేదాన్నయ్యాను, మాస్టారి పక్కన నిలబడి పరీక్ష పెట్టేదాన్ని. అప్పటికి ఏడాదికి ఆరేడుగురు ఆడపిల్లలు వచ్చేవారు. వాళ్లలో సగం మంది నాలాగే, పక్కవాడు కేకేస్తే లేచి వెళ్లిపోయేవారు. ఆ నియమం మమ్మల్ని ఆపాలని పెట్టింది కాదు. కానీ ఆపాలని పెట్టినదానికన్నా బాగా ఆపేది. నేను మాస్టారితో చాలా రోజులు వాదించాను. ఆయన నియమం తీసెయ్యనన్నాడు. గోడ వదిలి లేవకపోవడం మేస్త్రికి రావాల్సిన పనే అన్నాడు. అదీ నిజమే. చివరికి ఒక మార్పుకి ఒప్పుకున్నాడు. పరీక్షకి ముందు వారం రోజులు వచ్చిన వాళ్లందరికీ, ఆడా మగా, ఒకరికొకరు మోయడం, ఒకరినొకరు పిలవడం నేర్పించాలి. మగపిల్లలకి ఆ వారం తట్ట ఎత్తడం కష్టమయ్యేది, ఆడపిల్లలకి గొంతెత్తడం కష్టమయ్యేది. వారం చివరికి రెండూ వచ్చేవి. జంషెడ్‌పూర్‌లో నేను కట్టిన గోడలు చాలానే ఉన్నాయి గానీ, నాకు వాటన్నిటికన్నా ఎక్కువ గర్వం ఆ వారమంటేనే.

ఆ సాయంత్రం సంగతికి వస్తాను. సీతారాండేరాకి నడిచే వచ్చాం. వీధి మొదట్లో కుళాయి దగ్గర మావయ్య నిలబడి ఉన్నాడు. అతనిది మా వీధి కాదు, నీళ్లకీ రాలేదు. మా కోసమే వచ్చాడు.

"ఏటయినాది సెల్లీ?"

"పాసయిపోనాది" అంది అమ్మ.

అతను కాసేపు తల గీరుకున్నాడు. నా వైపు చూడకుండా, "మంచిదే. మంచిదేలే" అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "ఆ రోజేదో అనీసినాను. నిన్ను రావద్దని నానెందుకంటాను? రేపట్నుంచి వచ్చీ. ఈరోజు ఇద్దరు కొత్త రేజాల్ని ఎట్టుకున్నాను, అన్నీ పచ్చి ఇటికిలే అందించినారు. సగం గోడ ఊడదియ్యాల్సొచ్చింది. నీలాటి రేజా నాకు దొరకదు."

"దొరకదు, అన్నా" అంది అమ్మ. "ఆ సంగతి నాకు తెలుసు. నీకూ తెలుసు. ఇన్నేల్లూ ఒక్కసారీ అనలేదు నువ్వు."

మావయ్య ఏదో అనబోయాడు. అమ్మ ఆగలేదు.

"వత్తాను. అది నేర్చుకున్నన్నాల్లు వత్తాను. రెండేల్లు. ఆ తరవాత నాకు ఏరే మేస్త్రి ఉన్నాది."

అప్పుడు అతను నన్ను చూశాడు. నేను తల దించుకోలేదు.

ఆ రెండేళ్లూ అమ్మ ఒక్క నాగా లేకుండా అతని పరంజా కిందే మోసింది. నా చేతికి సర్టిఫికెట్టు వచ్చిన మర్నాటి నుంచి వెళ్లలేదు.